తప్పు చేసినవాళ్లకే కెప్టెన్ పట్టీ

పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పే పనిలో చేరబోతున్నవాళ్లకు ముందే ఒక మాట. ఈ పనిలో బంతి వాటా బహు తక్కువ. బంతి చెప్పిన మాట వింటుంది, గాలి తీసేస్తే సంచీలో పడుకుంటుంది. అసలు పని పడేది గీతకు అవతల మడతకుర్చీల్లో కూర్చునే తల్లిదండ్రులతో. వాళ్లకు గాలి తీసే సాధనం ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు.

నేనీ ఉద్యోగంలోకి 2001లో వచ్చాను. రావడమంటే నడుచుకుంటూ రాలేదు. సాఫ్ట్‌వేర్ కంపెనీ గుమ్మంలోంచి విసిరేస్తే శాన్ రామన్ పార్కులో వచ్చి పడ్డాను. ఆ ఏడాది కాలిఫోర్నియాలో మా ఈస్ట్ బే వైపు లేఆఫ్ కాని మగాణ్ణి చూడాలంటే జూకి టికెట్ కొనాల్సి వచ్చేది. మా ఆవిడ ఉద్యోగం నిలబడింది, గ్రీన్ కార్డు చేతికొచ్చింది, కాబట్టి ఏ పనైనా చేసుకునే స్వేచ్ఛ నాకుంది. ఏ పనీ రాకపోవడం ఒక్కటే అడ్డు. విజయనగరంలో కాలేజీ జట్టుకి ఫుట్‌బాల్ ఆడానని ఎవరి ఇంట్లోనో భోజనాల దగ్గర గొప్పలు పోయాను. అది నిజమే, కాకపోతే ఎక్కువగా బెంచీ మీద కూర్చుని ఆడాను. ఆ గొప్పలు నాకంటే ముందే పార్కులో ఉన్న క్లబ్బుకి చేరాయి. 2015లో నా మోకాళ్లు రెండూ కూడబలుక్కుని రాజీనామా ఇచ్చేదాకా అక్కడే ఉన్నాను. జీతాల సంగతీ సర్టిఫికెట్ల సంగతీ చెప్పను. నాకు పని నేర్పిన మనిషి గురించీ, ఆయన ఉద్యోగం ఊడబోయిన ఒక సీజన్ గురించీ చెబుతాను.

మా కోచ్

రమీరో మెక్సికోలో రెండో డివిజన్ ఆటగాడు. మిడ్‌ఫీల్డ్, అంటే మైదానం నడిమధ్య నిలబడి పదిమంది చాకిరీ ఒక్కడే చేసే చోటు. మోకాలు దెబ్బతిన్నాక అమెరికా వచ్చి, పగలు ఇళ్ల ముందు గడ్డి కోసి, సాయంత్రాలు ఇండోర్ లీగుల్లో ఆడి, ఆ మోకాలు మరీ మొరాయించాక పిల్లల కోచ్ అయ్యాడు. మనిషి పొట్టి, వెడల్పు. మా ఇంట్లో ఫ్రిజ్‌కి మీసం పెడితే అచ్చం రమీరో. అరిచేవాడు కాదు. కోపమొస్తే టోపీ తీసేవాడు, అంతే. ఆయన శాన్ రామన్‌లో టోపీ తీస్తే పక్కనున్న డబ్లిన్‌లో కుక్కలు మొరగడం మానేసేవి.

నా ఇంటర్వ్యూ అర నిమిషంలో అయిపోయింది. హలో అనకుండానే బంతి నా మీదకు విసిరాడు. నేను తలతో కొట్టాను. బంతి ఒక దిక్కుకీ కళ్లద్దాలు ఒక దిక్కుకీ పోయాయి. కళ్లద్దాలే గోల్‌కి దగ్గరగా పడ్డాయి. "భయపడలేదు. సోమవారం రా," అన్నాడు.

మొదటివారమే నా విశ్వరూపం చూపించాను. ఎనిమిదేళ్ల ఆడపిల్లల్ని గడ్డి మీద కూర్చోబెట్టి, తెల్లబోర్డు మీద బాణాలు గీసి, ఆటలోని తత్త్వమంతా ఉపన్యసించాను. నేను ముగించేసరికి పిల్లలు పీకిన గడ్డితో ఒక ఆవు పూట గడుపుకోవచ్చు.

రమీరో పక్కకి పిలిచాడు. "ప్రసాద్, నువ్వు మాట్లాడినంతసేపూ బంతి ఎక్కడుంది?"

"నా చంకలో."

"మరి వాళ్లేం నేర్చుకున్నారు? నీ చంకా?"

పధ్నాలుగేళ్ల సర్వీసులో నేను విన్న ట్రైనింగు క్లాసులన్నీ మరిచిపోయాను. ఈ రెండు ముక్కలు మాత్రం ఇప్పటికీ నాకు పనికొస్తున్నాయి. మీరు మాట్లాడుతున్నారంటే పిల్లలు ఆడడం లేదని అర్థం.

గీతకు అవతల

మా అమ్మాయిల జట్టులో ముప్పాతిక మంది మనవాళ్ల పిల్లలే. అంచేత గీతకు అవతల తెలుగు బాగా వినిపించేది. రిఫరీకి అర్థం కాదన్న ధైర్యం మరి.

"లెఫ్టుకి కొట్టవే, లెఫ్టుకి!"

"లెఫ్టెందుకండీ, ఎదురుగా అంత ఖాళీ ఉంటే?"

"ఒసేయ్ చిన్నీ, పరిగెత్తు! నిద్రపోతున్నావా?"

ఒకసారి రమీరో నన్నడిగాడు. "వాళ్లందరూ ఒకటే చెబుతున్నారా?"

"లేదు కోచ్. ఒకాయన ముందుకెళ్లమంటున్నారు, ఇంకొకాయన వెనక్కి రమ్మంటున్నారు, ఆవిడ జాకెట్ వేసుకోమంటున్నారు."

"జాకెట్ మాట ఒక్కటే కరెక్టు," అన్నాడు. "చలిగా ఉంది."

మనవాళ్లు చెడ్డవాళ్లు కాదు. లెక్కల్లో వెనకబడితే ట్యూషన్ పెట్టించినట్టే, పిల్ల గోల్ కొట్టకపోతే ఇంకో కోచ్ దగ్గర ప్రైవేటు చెప్పించేవాళ్లు. ఆ ప్రైవేటులో అలిసిపోయిన పిల్ల శనివారం మ్యాచ్‌లో గోల్ కొట్టేది కాదు. దాంతో ఇంకో ప్రైవేటు పెట్టేవాళ్లు. ఎక్కడ ఏం చదివినా మార్కులుండాలి, ర్యాంకుండాలి, ఫస్టొచ్చినవాళ్లు ముందు నిలబడాలి. మన రక్తంలో ఎర్రకణాలు కూడా ర్యాంకుల వారీగా నిలబడి ఉంటాయని నా గట్టి అనుమానం. గొడవంతా అక్కడే వచ్చింది.

పట్టీ

మ్యాచ్‌లో కెప్టెన్ జబ్బకి ఒక పట్టీ కడతారు. వేరే కోచ్‌లు దాన్ని బాగా ఆడే పిల్లకి ఇచ్చేవాళ్లు. రమీరో మాత్రం పోయిన మ్యాచ్‌లో అందరికంటే ఘోరమైన తప్పు చేసిన పిల్లకి ఇచ్చేవాడు. ఎందుకిస్తున్నాడో చెప్పేవాడు కాదు, నవ్వేవాడు కాదు. పట్టీ చేతికిచ్చి "ఇవాళ నువ్వు" అనేవాడు. పిల్లలకి ఆ సంగతి తెలుసు. ఇళ్లలో ఎవరికీ తెలీదు. ఇంటికెళ్లి "ఇవాళ నేనే అందరికంటే చెత్తగా ఆడాను, అందుకే కెప్టెన్ అయ్యాను" అని చెప్పే పిల్ల ఈ భూమ్మీద ఎక్కడుంది?

జట్టులో మేఘన అని పదమూడేళ్ల పిల్ల. డిఫెండర్, అంటే మన గోల్ మీదికి ఎవర్నీ రానివ్వకుండా కాపు కాసే పిల్ల. ఎనిమిదో ఏట నుంచీ రమీరో చేతికిందే పెరిగింది. ఒక టోర్నమెంటులో రెడ్‌మండ్ నుంచి వచ్చిన జట్టుతో ఆడుతున్నాం. ఆట సమంగా ఉంది, ఇంకాసేపట్లో ముగుస్తుంది. మేఘన బంతిని వెనక్కి మన గోలీకి, అంటే గోల్‌కీపర్‌కి, ఇవ్వబోయింది. శాన్ రామన్ గాలి సంగతి మీకు తెలీదు, అది కొండల మీంచి లారీలా దిగుతుంది. బంతి లేచి, గోలీ తల మీంచి, దాదాపు పక్క కౌంటీ మీంచి తిరిగొచ్చి, మన గోల్‌లోనే పడింది. రెడ్‌మండ్ తల్లిదండ్రులు కూడా చప్పట్లు కొట్టడానికి మొహమాటపడ్డారు.

సోమవారం ప్రాక్టీసుకి మేఘన జెర్సీ మడిచి పట్టుకొచ్చింది. "ప్రసాద్ అంకుల్, నేను డన్. ఇంక రాను. కోచ్‌కి మీరు చెప్పండి, ప్లీజ్." కళ్లు వాచి ఉన్నాయి.

నేను నోరు తెరిచేలోగా రమీరో వచ్చాడు. జెర్సీ వైపు చూడనే లేదు. దాని మీద పట్టీ పెట్టాడు. "శనివారం నువ్వు."

ఆ శనివారం మైదానంలో ఆ పిల్ల గొంతు మొదటిసారి విన్నాను. అయిదేళ్లుగా మాట్లాడకుండా ఆడిన పిల్ల, గోలీని కేకేసింది, పక్కపిల్లని కేకేసింది, చివరికి నన్ను కూడా గీత దాటొద్దని కేకేసింది.

కెప్టెన్ ఫంక్షన్

మేఘన నాన్న వెంకట్‌ది తెనాలి. ఆ టోర్నమెంటు అతను చూడలేదు. చిన్నగా చెయ్యడం అతనికి చేతకాదు. ఇంట్లో బల్బు మార్చినా నలుగుర్ని భోజనానికి పిలిచే రకం. కూతురు కెప్టెన్ అయిందని తెలియగానే డబ్లిన్‌లో ఇంటి వెనక పెరట్లో పార్టీ పెట్టాడు. పార్టీ అనడం తక్కువ చేసినట్టవుతుంది. అంతకంటే తక్కువ హంగులతో పెళ్లిళ్లు చేసి, ఆ జంటలు సుఖంగా కాపరం చేసుకోవడం నేను కళ్లారా చూశాను. బిర్యానీ ట్రేలు, మిరపకాయ బజ్జీలు, బంతి ఆకారంలో కేకు, "కంగ్రాట్స్ కెప్టెన్ మేఘన" అని గోడంత బ్యానరు. తాతగారు రాఘవయ్యగారు ఆర్టీసీలో డిపో మేనేజరుగా రిటైరయి, కొడుకు దగ్గర ఆర్నెల్లు ఉండడానికి వచ్చారు. ఎండలో సూటు వేసుకుని అందర్నీ బస్సెక్కిస్తున్నట్టు వరసల్లో కూర్చోబెడుతున్నారు. తెనాలి మొత్తానికి అప్పటికే ఫోన్లు చేసేశారు.

రమీరో కూడా ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. పార్టీ ఎందుకో ఆయనకు ముందుగా ఎవరూ చెప్పలేదు. పుట్టినరోజనుకుని బహుమతి కూడా తెచ్చాడు.

వెంకట్ మైకు పట్టుకున్నాడు. "కోచ్, ఇంతమందిలో మా మేఘననే కెప్టెన్‌గా ఎందుకు ఎన్నుకున్నారో మీ నోటితో చెప్పాలి!"

రమీరోకి అబద్ధం రాదు. ఇంగ్లీషులో అబద్ధం అసలు రాదు. మైకు తీసుకుని చాలా గౌరవంగా అన్నాడు. "ఎందుకంటే ఆ మ్యాచ్‌లో అందరికంటే పెద్ద తప్పు మేఘనది. సొంత గోల్. నా జీవితంలో అంత దారుణమైన సొంత గోల్ చూడలేదు. అందుకని."

ఎనభై నోళ్లలో బజ్జీలు ఆగిపోయాయి.

తాతగారు నా మోచెయ్యి పట్టుకున్నారు. "ఏమంటున్నాడు బాబూ? ఆ ఇంగ్లీషు నాకు అందటం లేదు."

"అంటే... అదీ... మ్యాచ్‌లో చాలా పెద్ద పని చేసిందంటున్నారండీ."

"గోలు కొట్టిందా?"

"కొట్టిందండీ." అప్పటివరకూ నేను చెప్పింది నిజమే.

మేఘన లేచి నిలబడింది. "కాదు తాతయ్యా. నేను మన గోల్‌లోనే కొట్టాను. వుయ్ లాస్ట్. కోచ్ అందుకే నాకు కెప్టెన్ ఇచ్చాడు. తప్పు చేస్తేనే ఇస్తాడు."

తక్కిన ఆడపిల్లలు కేకు దగ్గర నుంచి తలలూపారు. అప్పుడు మొదలైంది అసలు కలకలం. ఆ పెరట్లో ఉన్నవాళ్లలో సగంమంది పిల్లలు ఎప్పుడో ఒకప్పుడు కెప్టెన్ చేసినవాళ్లే. సగంమంది ఫేస్‌బుక్కులో ఫొటోలు పెట్టినవాళ్లే. ఒకావిడ చిన్నగొంతుతో భర్తని అడగడం నాకు వినిపించింది. "మనమ్మాయి నాలుగుసార్లు చేసింది కదండీ?"

ఫోన్లు

వెంకట్ మంచివాడే, కానీ ఎనభైమంది ముందు తల దించుకున్న తండ్రి. మర్నాటి నుంచి ఫోన్లు మొదలెట్టాడు. క్లబ్బులో ఇంగ్లండ్ నుంచి కొత్తగా వచ్చిన కోచ్ ఒకాయన ఉన్నాడు. ఆటలో ఆయనేం తక్కువ కాదు, చెడ్డవాడూ కాదు. కానీ అమెరికాలో తల్లిదండ్రులకి బ్రిటిష్ యాస మీద ఒక భక్తి ఉంటుంది, మనవాళ్లకి రెట్టింపు. ఆయన "వెల్ డన్" అంటే కిరీటం పెట్టినట్టు మురిసిపోయేవాళ్లు. అదే మాట రమీరో అంటే "పర్లేదంటున్నాడు" అనుకునేవాళ్లు. వచ్చే సీజన్‌కి అందరం ఆయన దగ్గరే చేర్పిద్దామని వెంకట్ ప్రతి ఇంటికీ ఫోన్ చేసి ఒప్పించాడు.

క్లబ్బు నడిపే కేథీ రమీరోని పిలిచి ఉన్నమాట చెప్పేసింది. ట్రైయౌట్ రోజు, అంటే కొత్త సీజన్‌కి పిల్లలు జట్లలో చేరే రోజు, పొద్దున పదింటికల్లా పన్నెండుమంది ఆయన దగ్గర పేరు రాయించుకుంటే జట్టుంటుంది. లేకపోతే ఆ జట్టూ ఉండదు, ఆయనకిచ్చేందుకు వేరే జట్టూ లేదు. అంటే ఉద్యోగం లేదు.

"పట్టీ సంగతి మార్చుకుంటే సరిపోతుంది కదా కోచ్," అన్నాను. నాలో ఉన్న సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఇంకా చావలేదు. ఒక్క లైను మారిస్తే అంతా నడుస్తుందనుకుంటాడు.

ఆయన టోపీ తియ్యలేదు. "నన్ను వెంకట్ ఇంటికి తీసుకెళ్లు," అన్నాడు.

రమీరో వాళ్లావిడ చేసిచ్చిన టమాలేలు గిన్నెనిండా పట్టుకుని వెళ్లాం. మొక్కజొన్న పొట్టులో పిండి చుట్టి ఆవిరి మీద ఉడికిస్తారు, పనసాకు బుట్టల్లో వండే మన పొట్టిక్కలకి మెక్సికోలో ఉన్న వేలువిడిచిన మేనమామ అనుకోండి. మాంసం లేకుండా బీన్స్ పెట్టినవే చేయించాడు, తాతగారి కోసం. వెంకట్ తలుపు తీసి, అమెరికాలో తెలుగువాళ్లు ఎంత కోపంలో ఉన్నా చేసే పనే చేశాడు. లోపలికి రమ్మని టీ పెట్టించాడు.

"క్షమాపణ చెప్పడానికి వచ్చాను," అన్నాడు రమీరో. "మీ నాన్నగారి ముందు అలా చెప్పకూడదు. మా ఊళ్లో కూడా ఇంటిపెద్ద ముందు పిల్లల తప్పు ఎత్తరు. అది నా తప్పు."

వెంకట్ కాస్త మెత్తబడ్డాడు. "సరే కోచ్. అయితే ఇకమీదట బాగా ఆడినవాళ్లకే పట్టీ ఇస్తారు కదా?"

"ఇవ్వను."

"మరి ఇప్పుడేగా సారీ చెప్పారు?"

"అది తాతగారికి. పట్టీకి కాదు."

నేను టీ కప్పులో తలదూర్చేశాను. ఇంకాస్త పెద్ద కప్పయితే లోపలే కాపరం పెట్టేవాణ్ణి. తాతగారు టమాలే ఒలుస్తూ అన్నారు. "ఈ పద్ధతి ఎక్కడ నేర్చుకున్నాడో అడగవయ్యా ప్రసాదూ. మా డిపోలో బస్సు గుద్దించిన డ్రైవర్ని వారం పక్కన పెట్టేవాళ్లం. స్టీరింగివ్వడం నేనెక్కడా వినలేదు."

అడిగాను. రమీరో చెప్పాడు. పై డివిజన్‌కి వెళ్లే ఆఖరి మ్యాచ్. విజిల్ వినిపించిందనుకున్నాడు. సొంత గోల్ ముందు నిలబడి, ఆట ఆగిందనుకుని బంతిని రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాడు. విజిల్ ఊదింది రిఫరీ కాదు, ప్రేక్షకుల్లో ఎవడో. పెనాల్టీ, గోల్, ఓటమి. ఊళ్లో మొహం చూపించలేక ఇంట్లో తలుపేసుకున్నాడు. బావమరిది టైర్ల షాపులో పనికి చేరిపోతానని చెప్పేశాడు. అప్పుడు వాళ్ల ముసలి కోచ్ ఇంటికొచ్చి, ఒక్కమాటా అడక్కుండా, పట్టీ మంచం మీద పెట్టి వెళ్లిపోయాడు.

"గెలిచినవాడికి పట్టీ అవసరం లేదు," అన్నాడు రమీరో. "వాడు ఎలాగూ వస్తాడు. రాకుండా పోయేది రెండోవాడు."

నేను తెలుగులో చెప్పాను. ఈసారి ఏమీ కలపలేదు, నా జన్మలో అదొక రికార్డు. తాతగారు ఇంకో టమాలే తీసుకున్నారు.

వెంకట్ కారు దాకా నాతో వచ్చాడు. రమీరో లోపల కూర్చున్నాక అన్నాడు. "అన్నా, మూడేళ్ల కిందట నా కోడ్ వల్ల సైట్ మొత్తం డౌన్ అయింది. ఎవరూ తిట్టలేదు. మర్నాటి నుంచి మీటింగులకి పిలవడం మానేశారు, అంతే. ఇప్పటికీ ఎవరైనా 'ఇది ఎవరు చూసుకుంటారు' అంటే నేను ల్యాప్‌టాప్‌లోకి చూస్తా."

ప్రతిదానికీ ఒక జోకు తగిలించే అలవాటు నాది. ఆ పూట తగల్లేదు. అతను లోపలికి వెళ్లిపోయాడు.

ట్రైయౌట్

ట్రైయౌట్ రోజు పార్కులో రెండు మైదానాలు. అటువైపు ఇంగ్లండ్ కోచ్‌కి రంగురంగుల కోన్లు, టెంటు, పాటలు, పిల్లలకి ఉచితంగా నీళ్ల సీసాలు. ఇటువైపు మాకు బంతుల సంచీ, రమీరో, నేను. మా వైపు వచ్చినవాళ్లు ఆరుగురు. వాళ్లలో ఇద్దరు పొరపాటున వచ్చారేమోనని నా భయం. అటు టెంటు దగ్గర మనవాళ్లు ఆధార్ కార్డు క్యూలాగా బారులు తీరి ఉన్నారు.

మీరు ఈ పనిలోకి వస్తే ఇలాంటి పొద్దు ఒకటి మీకూ వస్తుంది. ఏళ్ల తరబడి పెంచిన జట్టు అవతలి మైదానంలోకి నడిచిపోతుంటే చూస్తూ నిలబడాలి. పిలవకూడదు. పిల్లలు కోచ్‌కి బాకీ లేరు. రమీరో పిలవలేదు. ఒక్కొక్క బంతీ నొక్కి గాలి చూస్తున్నాడు.

వెంకట్ వ్యాను వచ్చి రెండు మైదానాలకీ మధ్య ఆగింది. మేఘన దిగి మా వైపు వచ్చింది. ఏడు. వెంకట్ స్టీరింగు ముందే కూర్చున్నాడు. కేథీ అట్ట పట్టుకుని వచ్చి వాచీ చూసుకుంది. తల అడ్డంగా ఊపింది, పాపం, ఆవిడకీ కష్టంగానే ఉంది.

అప్పుడు వెంకట్ దిగాడు. ఫోను చెవిన పెట్టుకుని, నాకు కొంచెం దూరంలో నిలబడ్డాడు.

"శ్రీధర్, నేనే. సైన్ చేసేశావా? చెయ్యకు, ఆగు... అవున్రా, నేనే చెప్పాను. ఇప్పుడు వద్దంటున్నా... ఎవరిది తప్పంటావేంటి, నాదే... నవ్వితే నవ్వుకో, ఏం ఫర్లేదు... ఎవరెవరున్నారక్కడ? అందరూ ఉన్నారా? స్పీకర్‌లో పెట్టు. పెట్టరా బాబూ, ఇంటింటికీ మళ్లీ ఫోన్ చెయ్యలేను."

గొంతు సవరించుకున్నాడు. ల్యాప్‌టాప్ ఏమీ లేదు చూడ్డానికి.

"అందరికీ నమస్కారం. నేను వెంకట్. మిమ్మల్ని అటు పంపించింది నేను. పార్టీలో నా పరువు పోయిందని పంపించాను. మా అమ్మాయి ఆట మానేద్దామనుకున్న రోజున ఆయనే ఆపాడని తనే నాతో చెప్పింది, ఆ సంగతి మీకు చెప్పలేదు. నేను తప్పు చెప్పాను. ఆపైన మీ ఇష్టం."

ఆ మాటలు నాకు రెండుసార్లు వినిపించాయి. ఒకసారి పక్కనుంచి, ఒక క్షణం ఆలస్యంగా అటు టెంటులోంచి. పాటలు ఎవరో ఆపేశారు. టెంటు కింద గుసగుసలు బయల్దేరాయి. ఒక తండ్రి చేతులూపుతూ ఏదో వాదించాడు. కొందరు అక్కడే ఉండిపోయారు, వాళ్ల పిల్లలు అక్కడా బాగానే ఆడారు. మిగతా పిల్లలు మాత్రం పెద్దల తీర్పు కోసం ఆగలేదు. ముందు ఒక బ్యాగు కదిలింది. దాని వెనక ఇంకొకటి. పార్కింగు లాట్ అడ్డంగా దాటి, లేసులు కట్టుకోకుండానే పరిగెత్తుకుంటూ వచ్చేస్తున్నారు. వాళ్ల వెనక మడతకుర్చీలు మోసుకుంటూ తల్లులు.

"ఉండండి, ఉండండి, ఒక్కొక్కరూ పేరు చెప్పండి," అంటోంది కేథీ.

ఆవిడ పన్నెండో పేరు రాసేసరికి రమీరో ఆట మొదలెట్టేశాడు.